పరామర్శ మేత

ఈనే కాలానికి ఏడు వారాలు

ఈ ఉదయం గొర్రెల వీపుల మీద చెయ్యి పెట్టి చూశాను. నా భార్య రంగవేణి పోయాక ఈ పని చెయ్యడం ఇదే మొదటిసారి.

వెన్నెముక చేతికి తగలాలి. పొడుచుకు రాకూడదు, దుప్పటి కింద తాడు ఉన్నట్టు తెలియాలి. మందకి ముందు నడిచే బొల్లి వీపు మీద నా వేళ్ళు జారిపోయాయి. ఎముక ఎక్కడుందో అందలేదు. పక్కదాన్ని చూశాను, అదీ అంతే. మంద మొత్తం చూసేసరికి ఎండ కూత వేశారు. ప్రాణం తీసే ఎండ వస్తోందని కట్ట మీద వేసే ఆ కూత వినపడితే, ఎండిన జలాశయం అడుగున ఉన్న మా అడుగూళ్ళో మనిషీ గొర్రే నీడగుడ్డ కిందికి చేరాలి. నేనూ దొడ్డి గుడ్డ కిందికి వచ్చి ఇది రాస్తున్నాను.

అన్నీ గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముచ్చటపడుతున్నారు. మెడపట్టీలు కూడా ఏమీ అనడం లేదు. ఆకలైతే పట్టీ ఎర్రగా వెలుగుతుంది, దాహమైతే మోగుతుంది. కడుపులో ఒక పిల్ల ఉంటే ఒక పచ్చచుక్క, రెండుంటే రెండు చుక్కలు. అవి కరువు ఏళ్ళలో తయారైన పట్టీలు. గొర్రె ఎక్కువ తిని చెడగలదని చేసినవాళ్ళకి తోచి ఉండదు.

మందలో సగానికి పైగా రెండు చుక్కలు.

పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లో వస్తుంది. ఆ వారాల్లోనే పిల్లలు పెరిగి తల్లి పొట్టలో మేతకి చోటు లేకుండా చేస్తాయి. కావలసింది ఎక్కువ, పట్టేది తక్కువ. కొవ్విన తల్లి ఇంకా తక్కువ తింటుంది. చాలనిదాన్ని తన కొవ్వు కరిగించి పిల్లలకి ఇస్తుంది. ఆ కరగడంలో రక్తం పాడవుతుంది. కవలల తల్లులు ముందు పడిపోతాయి. పైగట్టు కాలేజీలో ఇదంతా ఒక పూట పాఠం. పరీక్షలో బాగానే రాశాను.

సన్నగా చేద్దామని ఇప్పుడు మేత తగ్గిస్తే చావు ఇంకా తొందరగా వస్తుంది. ఉన్న దారి ఒకటే. నడిపించాలి, మంచి పచ్చిక మీద మేపాలి.

దొడ్డి వాకిట్లో మేకు ఉంది. అదే ఇబ్బంది.

జ్వరాల ఏడాది ఇళ్ళకి ఇళ్ళే ఖాళీ అయి, చూసే దిక్కులేని మందలు కట్ట దాటి ఎండలోకి పోయి చచ్చాయట. అప్పుడు పెద్దలు పెట్టిన కట్టుబాటు ఇది. చావు జరిగిన ఇంటి దొడ్డిలో మేకు కొడతారు. మేకు తలలో చిన్న యంత్రం. దాని చుట్టూ కంటికి కనపడని కంచె ఒకటి గుండ్రంగా నిలుస్తుంది, దొడ్డికి కాస్త ఎక్కువ మేర. గొర్రె దాటబోతే పట్టీలో మోత వస్తుంది, ఆగిపోతుంది. మేత బాధ ఇంటివాళ్ళకి ఉండదు. ఊరే గంపలతో తెచ్చి పోస్తుంది. పరామర్శ మేత అంటారు. మందలో మొదటి పిల్ల పుట్టిన రోజు ఆ ఇంటి పెద్ద ఆడమనిషి మేకు పెరుకుతుంది. దుఃఖం అక్కడికి తీరినట్టు.

మంచి కట్టుబాటు. కానీ అది పెట్టిన రోజుల్లో గంపలో గుప్పెడు గడ్డి ఉండేది. ఇప్పుడు ఉడికిన ఉలవలు, జొన్నలు, వేరుశనగ చెక్క. ఎవరి గంప చిన్నదైతే వాళ్ళకి నామోషీ. నాకు కూడా మూడు పూటలా ఎవరో ఒకరు అన్నం తెస్తున్నారు. నిన్న నడుం పట్టీ ఒక బెజ్జం వదులు చేశాను.

ఆరు వారాలు

ఒక గొర్రె పోయింది.

పొద్దున గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. గంప వచ్చినా కదలలేదు. తల పైకెత్తి, ఏమీ లేని వైపు చూస్తూ పళ్ళు నూరుతోంది. మూతి దగ్గర మాగిన పండు వాసన. బెల్లం నీళ్ళు పట్టాను. రెండోసారి పట్టేసరికి మింగడం మానేసింది. సాయంత్రం కోసి చూశాను. కాలేయం పసుప్పచ్చగా ఉంది, వేలు పెడితే వెన్నలా దిగింది. పిల్లలు రెండూ బాగా ఎదిగినవి. వాటిని విడిగా పూడ్చాను.

కట్ట మీది గదికి వెళ్ళాను. కంచెలన్నీ అక్కడి తెర మీద కనిపిస్తాయి. వాటిని చూసుకునే మద్దిలేటి నాకు వరసకి బామ్మర్ది. విషయం చెప్పాను. కంచె వెడల్పు పెంచమన్నాను. అతను తల గోక్కున్నాడు. చావు లేని ఇళ్ళ కంచెలు తన చేతిలో ఉంటాయట, మేకు కంచె మాత్రం మేకు చేతిలోనే ఉంటుందట. తెర మీద చూపించాడు కూడా. మిగతా మందల కంచెలు పొడుగ్గా, వంకరగా, రోజుకో ఆకారం. మాది ఒక గుండ్రటి చుక్క.

మేకు పెరికితే సరిపోతుందని తనే అన్నాడు. పెరకాల్సింది మా అత్త. ఆ మాట తను అడగనన్నాడు, తనకి పెళ్ళాం బిడ్డలు ఉన్నారన్నాడు.

దిగి వచ్చేసరికి పక్కింటి చౌడమ్మ గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లో ఉంది. అప్పటికింకా నా చేతులు ఆ గొర్రె నెత్తురుతో ఉన్నాయి. ఉలవలు వద్దు, తీసుకెళ్ళమని చెప్పాను. ఆమె గంప దించకుండానే వెనక్కి తిరిగింది.

రాత్రి అన్నం దగ్గర మా అత్త ఓబుళమ్మ నాకు పెరుగు వెయ్యలేదు. ఎందుకో అడిగితే చెప్పింది. పరామర్శ గంప తిప్పి పంపితే, ఈ చావులో మీ చెయ్యి ఉంది అని ఆ ఇంటివాళ్ళతో అన్నట్టట. నేను పైగట్టున పెరిగినవాణ్ణి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

చౌడమ్మ పట్టె, ఒండ్రు నేలలో ఆమె వంతు చేను, మా పడమటి పట్టెకి ఆనుకుని ఉంటుంది. రంగవేణి పోయిన రోజు ఇద్దరూ అక్కడే ఉన్నారు. గాలి ఎక్కువగా ఉంది. కూత విని చౌడమ్మ బయల్దేరింది. రంగవేణి వెనకే వస్తోందనుకుంది. రంగవేణి నీడగుడ్డ కడుతూ ఎండకి చిక్కిపోయింది.

అయిదున్నర వారాలు

మా అత్తని అడిగాను. సూటిగానే అడిగాను, చుట్టూ తిప్పడం ఆమెకి నచ్చదు.

మేకు ఎందుకు పెరకాలో చెప్పాను. చనిపోయిన గొర్రె కాలేయం గురించి చెప్పాను. పడమటి పట్టెలో రంగవేణి చల్లిన పిల్లిపెసర ఈపాటికి మోకాలెత్తు వచ్చి ఉంటుందని, ఈ ఆఖరి వారాల కోసమే అది చల్లిందని చెప్పాను. ఆమె వక్క నములుతూ అంతా విన్నది.

"అయిందా?" అంది.

"అయింది అత్తా."

"నా బిడ్డ పోయి ఇంకా ఒక్క గొర్రెపిల్ల కూడా భూమ్మీద పడలేదు. అంతలోకే మేకు పెరికేస్తే, ఈ ముసల్దానికి ఏడ్చే ఓపిక కూడా లేదంటారు. నేను పెరకను అల్లుడా. ఇంకేమన్నా ఉంటే అడుగు."

ఇంకేమీ లేదు. లేచి వచ్చి మేకు దగ్గర కూర్చున్నాను. తుమ్మ కర్ర, మూరెడు. తలకి చిన్న దీపమున్న నల్లటి లోహపు బిళ్ళ. దాని చుట్టూ మట్టి గట్టిపడిపోయింది. కంచె దొడ్డికి కాదు, ఈ కర్రకి ఉంది. తెర మీది గుండ్రటి చుక్క గుర్తొచ్చింది. దాని నడుమన ఉన్నది మా ఇల్లు అనుకున్నాను. కాదు, ఈ కర్ర.

వెనక్కి వెళ్ళి ఇంకోటి అడిగాను. మేకు మట్టిలోంచి బయటికి రాకూడదా, ఉన్న చోటు నుంచి కదలకూడదా, కట్టుబాటు ఏది?

ఆమె నమలడం ఆపింది. మట్టిలోంచి రాకూడదు అంది. కదలకూడదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఎవరూ కదిలించలేదు.

"అయితే మట్టితో సహా తీద్దాం. గంపలో పెడదాం."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు.

"గంప ఎవరు మోస్తారు?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది. "నువ్వు మొయ్యకూడదు. ఆడమనిషే మొయ్యాల. నీ చదువుకి మోయడం ఒకటి తక్కువైంది."

అయిదు వారాలు

తెల్లవారకముందే మేకు చుట్టూ తవ్వాను. అరటి పిలకని వేరు చెదరకుండా తీసినట్టు, మట్టి ముద్దతో సహా లేపి గంపలో కూర్చోబెట్టాను. మా అత్త గంప కింద ఆనడానికి తలచుట్ట పెట్టుకుంది. ఎత్తాను. మెడ నిటారుగా పెట్టి గేటు దాటింది.

గొర్రెలు అలవాటు కొద్దీ కంచె అంచున ఆగాయి. మోత రాలేదు. బొల్లి ఒక అడుగు వేసింది, ఇంకోటి వేసింది. మెడలో గంట మోగింది. మిగతావి కదిలాయి. వెనక ఉన్నవాటికి కంచె అంచు వచ్చి తగిలినట్టుంది, పట్టీలు ఒక్కసారి గుయ్యిమన్నాయి. అవి గబగబా ముందుకొచ్చి కలిశాయి. కొవ్విన ఒళ్ళు, ఆయాసం. అయినా నడిచాయి.

పాత ఊరి మొండిగోడల దాకా వెళ్ళాం. జలాశయం ఉన్న కాలంలో నీళ్ళ అడుగున ఉన్న గోడలు. అక్కడ ఒండ్రు మీద గరిక ఉంది. మా అత్త గంపతో అలాగే నిలబడింది. చుట్టూ గొర్రెలు మేశాయి. ఒకవైపు గడ్డి అయిపోగానే ఆమె నాలుగడుగులు పక్కకి వేసేది, మంద మొత్తం నాలుగడుగులు జరిగేది.

అప్పుడు మద్దిలేటి పరిగెత్తుకుంటూ వచ్చాడు. కట్ట మీంచి ఇంతదూరం అతను పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. రొప్పు తగ్గాక నాతో అన్నాడు.

"బావా, తెర మీద మీ చుక్క నడుస్తాంది. యంత్రం చెడిందనుకొని రెండుసార్లు కొట్టినా దాన్ని."

తర్వాత గంప చూశాడు. దాని కింద మా అత్తని చూశాడు. ఇది కట్టుబాటు కాదేమో అని చిన్నగా అన్నాడు.

"మేకు మట్టిలోనే ఉందా?" అని అడిగింది అత్త.

"ఉంది పెద్దమ్మా."

"మంద కంచెలోనే ఉందా?"

"ఉంది."

"మరి నీకేం నొప్పి? నా బిడ్డని నేను నెత్తిన పెట్టుకొని తిరుగుతాండా. నీ తెరకి చెప్పుకో పో."

మద్దిలేటి వెళ్ళలేదు. ఎండ కూతకి ఎంత టైముందో చూసి చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనకబడ్డ గొర్రెలని తనే తోలాడు.

ఇకనుంచి పద్ధతి: పొద్దున నడక, రోజూ కొంచెం ఎక్కువ దూరం. వచ్చాక నీళ్ళు. తర్వాత గింజ రెండు గుప్పెళ్ళు, అంతే. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ నడక, మళ్ళీ రెండు గుప్పెళ్ళు. గంపలు ఎవరు తెచ్చినా తీసుకుంటున్నాను, దణ్ణం పెడుతున్నాను, గాదెలో పోస్తున్నాను. ఎవరినీ తిప్పి పంపడం లేదు.

నాలుగు వారాలు

వీపులు చూశాను. ఇంకా మెత్తగానే ఉన్నాయి, కానీ ఆయాసం తగ్గింది. పొద్దున మేకు ఎత్తకముందే గేటు దగ్గర నిలబడుతున్నాయి. గొర్రెల విషయంలో ఇది చాలు. ఈ పద్ధతి పనిచేస్తుంది.

గరిక మాత్రం చాలదు. కవలల తల్లికి ఈ వారాల్లో కావలసిన బలం అందులో లేదు. పిల్లిపెసర కావాలి. పడమటి పట్టెకి పోవాలంటే దారి చౌడమ్మ పట్టె మీదుగానే. అడుగూళ్ళో ఒకరి పట్టెలోకి ఇంకొకరి మంద అడగకుండా దిగదు.

గంప తిప్పి పంపిన రోజు నుంచి చౌడమ్మ మా వాకిలి ముందు నుంచి నడవడం లేదు. నీళ్ళకి కూడా గోడ వెనక నుంచి పోతోంది.

వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమని అనలేదు. నేనే గడప బయట కూర్చున్నాను. ఉలవలు ఎందుకు వద్దన్నానో చెప్పాను, గొర్రె ఎలా పోయిందో చెప్పాను. ఆమె నేల చూస్తూ ఉంది. ఆమెకి కావలసింది ఆ సంగతి కాదని తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు గాలికి ఎండ కూత రంగవేణికే కాదు, నాకూ సరిగా వినపడలేదు చౌడమ్మా," అన్నాను. "దొడ్డిలో ఉన్న నాకే వినపడలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కట్ట వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె కొంగు దించి అడిగింది. "నేనేం చేయాలన్నా?"

"నీ గంప వద్దు. నీ గడ్డి కావాలి. నీ పట్టెలో మా మందని నాలుగు రోజులు మేపుకుంటూ దాటిపోనియ్యి."

నాలుగు రోజులేంటి, పంట మొత్తం మేపుకో అంది. తన పట్టెలో అలసంద ఉంది, తన గొర్రెల కోసం దాచుకున్నది. వద్దన్నాను. అందుకు కోపం వచ్చింది. అన్నీ వద్దనేవాడికి ఆడపిల్లనెలా ఇచ్చారో అని లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. తాగాను.

ఈ సంగతి ఊళ్ళో ఎలా పాకిందో తెలియదు. మర్నాడు ఇద్దరు ముగ్గురు వచ్చి, తమ పట్టెల్లో ఏ మూల ఏ గడ్డి ఉందో చెప్పారు. గంపలు తేలేదు.

మూడు వారాలు

బొల్లి మేత ముట్టడం లేదు.

నిన్న సాయంత్రం నడకలో వెనకబడింది. ఈ పొద్దున గేటు దగ్గరికి రాలేదు. దాని గంట వినపడకపోయేసరికి మిగతావి కూడా కదలలేదు. మూతి వాసన చూశాను. తియ్యగా ఉంది. ఘాటుగా లేదు, ఇప్పుడే మొదలు. రెండు చుక్కలు రెండూ వెలుగుతున్నాయి.

బొల్లిని రంగవేణి సీసాపాలతో పెంచింది. ఆ గంట తను కట్టిందే.

మొదటి గొర్రె విషయంలో ఆలస్యంగా చూశాను. దీన్ని తొందరగానే చూశాను. చిక్కటి బెల్లం నీళ్ళు, కొంచెం కొంచెంగా, రోజంతా. పొట్ట ఖాళీగా ఉండకూడదు, ఒక్కసారి నిండకూడదు. గింజ వాసనే దానికి గిట్టడం లేదు. పచ్చి ఆకు అయితే తింటుందేమో.

మంద కదిలితే ఇది ఒంటరిదవుతుంది, కంచె వెనక నుంచి తరుముతుంది. మంద ఆగితే మిగతావి చెడతాయి. బొల్లి పట్టీ విప్పేశాను. దానికి కంచె లేదు. దొడ్డి గుడ్డ కింద కట్టేసి, నేను దాని దగ్గర ఉండిపోయాను. మందని అత్త తీసుకెళ్ళింది, మద్దిలేటి వెనక తోలాడు. గంట లేకుండా కదలవేమోనని భయపడ్డాను. గంప కదలగానే కదిలాయి.

తిరిగి వచ్చేటప్పుడు మా అత్త నడుముకి ఒక కట్ట కట్టుకొచ్చింది. పిల్లిపెసర కొసలు. చౌడమ్మ పట్టె దాకా పోయినప్పుడు చౌడమ్మే మా పట్టెలోకి దిగి కోసి ఇచ్చిందట. బొల్లి మూతి దగ్గర పెట్టాను. వాసన చూసింది. పక్కకి తిరిగింది. ఒక్కో కొసని దవడ పక్క నుంచి నోట్లోకి దూర్చాను. మొదటిది ఉమ్మేసింది. రెండోది నోట్లో ఉంచుకుంది. చాలాసేపటికి నమిలింది.

అత్త పక్కనే కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది. నడకలు మొదలయ్యాక ఆమె మోకాళ్ళు వాచాయి. నాకు చెప్పలేదు. చూసేశాను.

రేపటి నుంచి గంప నేను మోస్తానన్నాను. ఆడమనిషే మొయ్యాలని మళ్ళీ అంటుందనుకున్నాను.

"తలచుట్ట ఎట్లా చుట్టుకోవాల్నో తెలుసునా?" అంది.

తెలియదు. నేర్పింది.

రెండున్నర వారాలు

బొల్లి నిలబడి తింటోంది. నెమరు వేస్తోంది. పట్టీ మళ్ళీ కట్టాను. రెండు చుక్కలు.

గంప బరువు అనుకున్నదానికంటే ఎక్కువ. మెడ కదలకూడదు కాబట్టి కింద చూడలేను, పక్కలకి చూడలేను. గొర్రెలు మేస్తున్న చప్పుడు మాత్రం చుట్టూరా వినపడుతుంది. గడ్డి తెంపే చప్పుడు, నమిలే చప్పుడు. ఏ పక్క పలచబడితే ఆ పక్క గడ్డి అయిపోయినట్టు. అప్పుడు కదులుతాను.

దారిలో ఆడవాళ్ళు నవ్వారు. మగవాడు గంప మొయ్యడం కొత్త. నవ్వనిచ్చాను. ఒకామె నడక సరిగా లేదని, నడుము ఊపకూడదని చెప్పింది. ఆ సలహా పనికొచ్చింది.

రెండు వారాలు

ఈ రోజు పడమటి పట్టెకి చేరాం.

చౌడమ్మ అలసంద దాటగానే దిగుడు ఉంటుంది. అక్కడ నేల చల్లగా, నల్లగా ఉంటుంది. పిల్లిపెసర నిజంగానే మోకాలెత్తు ఉంది. పసుపు పూత. చాలామట్టుకు ఆకే. సరైన సమయానికి చల్లింది.

గొర్రెలు తల ఎత్తలేదు.

కట్ట వైపు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి, తిరిగాను. ఎండ కూతకి టైమెంతుందో లెక్క వేశాను. నిండు కడుపులతో ఈ తల్లులు దొడ్డికి వెనక్కి నడిచి చేరేలోపు కూత వస్తుంది. ఈ దూరం రోజుకి రెండుసార్లు వాటివల్ల కాదు. ఇక్కడికి రావాలంటే ఇక్కడే ఉండాలి. ఉండాలంటే నీడ కావాలి.

గుడ్డ అక్కడే ఉంది. పెద్దది, మొత్తం మందకి సరిపోయేది. మూడు మూలలు గుంజలకి కట్టి ఉన్నాయి. నాలుగో మూల నేలమీద పడి, ఒండ్రు కప్పుకుని ఉంది. దాని తాడు గుంజ మొదట్లో చుట్ట చుట్టి పెట్టి ఉంది.

మా అత్త కూడా చూసింది.

గంప దించాను. మట్టి దులిపి, గుడ్డ మూల ఎత్తాను. చౌడమ్మ తన పట్టెలోంచి చూసి వచ్చి గుంజ పట్టుకుంది. తాడు దూర్చి లాగి కట్టాను. గుడ్డ సాగి నిలబడింది. కింద నీడ పరుచుకుంది. కూత వేసేలోపు గొర్రెలన్నీ దాని కింద పడుకుని నెమరు వేస్తున్నాయి. ఈసారి కూత స్పష్టంగా వినపడింది.

మద్దిలేటి సాయంత్రం నీళ్ళ బండి తోలుకొచ్చాడు. ఈనేదాకా మంద ఇక్కడే ఉంటుందని తెరలో రాసుకున్నాడట. కారణం ఏమని రాశావని అడిగాను. మేకు అలిసిపోయిందని రాశానన్నాడు.

వీపులు చూశాను. వేళ్ళకి తాడు తెలుస్తోంది.

మొదటి పిల్ల

అనుకున్న రోజుకి కొంచెం ముందే. బొల్లి మొదట ఈనుతుందని అందరం దానివైపే చూస్తున్నాం. ఎవరూ పట్టించుకోని ఒక తొలిచూలుది, ఒంటి చుక్కది, పిల్లిపెసరలో దూరంగా పడుకుని తనపాటికి తనే ఈనేసింది. మేం వెళ్ళేసరికి పిల్ల లేచి పడుతోంది. తల్లి నాకుతోంది. పొదుగు నిండుగా ఉంది. పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, చీకింది.

మా అత్తని పిలిచాను. చౌడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. పిల్లని చూసి, దాని చెవులు సాగదీసి చూసి, మగది అంది. తర్వాత గంప దగ్గర చతికిలబడింది. రెండు చేతులతో మేకు పట్టుకుంది. అలాగే ఉంది.

"రావడం లేదు అల్లుడా," అంది. "బిగుసుకుపోయింది. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి."

ఇన్ని రోజుల నడకకి గంపలో మట్టి పొడి పొడి అయిపోయింది. మేకు ఈ మధ్య పక్కకి ఒరుగుతుంటే నేనే గులకరాళ్ళు పెట్టి నిలబెడుతున్నాను. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి లాగాం.

మేకు తల మీది దీపం ఆరింది. పట్టీలన్నీ ఒకసారి చిన్నగా కూసి ఆగిపోయాయి. కంచె లేదు. గొర్రెలు మేస్తూనే ఉన్నాయి. గంపలోని మట్టి, మా వాకిటి మట్టి, పిల్ల పుట్టిన చోట పోశాను. ఖాళీ గంప అలవాటుగా నెత్తిన పెట్టుకుని నీళ్ళ తొట్టి వైపు నడిచాను. వెనక గంట మోగింది. తిరిగి చూస్తే మంద మొత్తం, ఎప్పటిలాగే గుండ్రంగా, నా చుట్టూ వస్తోంది.

ఈనే కాలం, నాలుగో రోజు

బొల్లి కవలలని ఈనింది. రెండూ ఆడవి, రెండూ లేచాయి. చిన్నది పాలకి ఆలస్యం చేసింది, పట్టించాను. ఈనడం మొదలయ్యాక ఇప్పటిదాకా ఒక్క తల్లి కూడా పోలేదు. రెండు పిల్లలు చచ్చి పుట్టాయి. మిగిలినవి గట్టిగా ఉన్నాయి. ఇంకా ఈనాల్సినవి ఉన్నాయి, వాటి గురించి నాకు బెంగ లేదు.

చౌడమ్మ గంప తెచ్చింది. ఉలవలే. తీసుకున్నాను, పాలిచ్చే తల్లులకి ఇప్పుడు కావాలి. కొంచెం కొంచెంగా పెంచుతాను.

ఊరి పెద్దలు మద్దిలేటితో కబురు పంపారు. ఇకమీదట మేకులు గంపల్లో కొట్టాలా అని అడిగారట. మా అత్త జవాబు పంపింది, ఏమని పంపిందో నాకు చెప్పలేదు. మద్దిలేటి మాత్రం నవ్వుకుంటూ పోయాడు.

రేపటి పనులు. ఈనిన తల్లులకి మొదట నీళ్ళు, తర్వాత ఆకు, గింజ చివర. తొట్టి కడగాలి. నిన్నటి గాలికి గుడ్డ ఒక మూల జారింది. మూడు ముళ్ళు రంగవేణి వేసినవి, కదలలేదు. నాలుగోది నాది. మళ్ళీ కట్టాలి.